మెకంజీదొర వ్రాతకోశమును కావలి సోదరులును

ఓరుఁగల్లు కోట నడుమ నాలుగు దిక్కులను నిలిచియున్న కీర్తితోరణములను చూడఁబోయినవారి కన్నులకు ముందుగాఁ గనఁబడునది శిల్పము. చెవులకు ముందుగా వినఁబడునవి కథలు. మేమును అట్లే పోయి, అట్లే వినియున్నాము. ప్రోలరాజునకు పరుసవేది లింగము దొరకినదనియు, ఇనుము దానికి సోఁకి బంగారమైనదనియు నొకరు చెప్పుదురు. ఢిల్లీకిఁ గొనిపోఁబడిన ప్రతాపరుద్రుఁడు మరల తన నగరమునకు వచ్చెనని మఱియొకరు చెప్పుదురు. వినుటకు సొంపుగానే యుండును. కాని ముసునూరి ప్రోలయనాయకుని విలసగ్రామ తామ్రశాసనము ఆ రాజు దారిలోనే నర్మదాతీరమున మరణించెనని చెప్పుచున్నది. రాగిరేకు ఒకటి చెప్పును. నోరు వేఱొకటి చెప్పును. ఈ రెంటి నడుమ మూఁడవ సాక్షి యొకఁడు కలఁడు. వాఁడు గ్రామకరణము చేతివ్రాతలోఁ గల కాగితము, తాటాకు. ఆ మూఁడవ సాక్షిని మన దేశమున మొదటిసారి యొక్క చోటికిఁ బిలిపించినవారి చరిత్రమును, ఆ పనిలో తమ బుద్ధిని వెచ్చించి తమ పేరును పోఁగొట్టుకొన్నవారి చరిత్రమును ఇచ్చట వ్రాయఁబూనితిమి.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో పూర్వవస్తుప్రియులగు గృహస్థులకు నొక వ్యసనము ప్రబలియుండెను. ప్రసిద్ధ పురుషుల స్వహస్తలిఖితములను, అనఁగా రాజుల చేవ్రాళ్లను, కవుల యుత్తరములను, సేనానుల చీటీలను కొని కూర్చుటయే యది. యార్మౌతు పట్టణమున డాసన్ టర్నరను బ్యాంకరు, తాను వృక్షశాస్త్రజ్ఞుఁడయ్యును, ఇట్టి యుత్తరములను 40,000 మించి కూర్చెను. ఆయన 1858 లోఁ గతించిన పిమ్మట నవి వేలములోఁ జెల్లాచెద రయ్యెను. ఆ వ్యసనమును మేము తక్కువ చేసి మాటలాడము. ఒక మహాపురుషుని దస్తూరిని కన్నులారఁ జూచుటలో నొక తృప్తి లేకపోలేదు. అయినను ఆ కోశములలో పేరుగలవాని వ్రాతకే స్థానము. పేరులేనివాని వ్రాతకు స్థానము లేదు. అదే కాలమున మన దక్షిణదేశమున మఱియొక కోశము పెరుగుచుండెను. అందలి వ్రాతలు రాజులవి కొన్నియే. ఎక్కువభాగము ఏ యూరి కరణమో, ఏ గుడి స్థానాపతియో, ఏ పాళెగాని వంశస్థుఁడో తన దస్తూరిని వ్రాసియిచ్చినవి. వానిని కూర్పించిన దొరగారి పేరు కర్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీగారు స్కాట్లండునకు వాయవ్యమున సముద్రమధ్యమందున్న లూయిస్ ద్వీపములో స్టోర్నొవే యను రేవుపట్టణమునఁ బుట్టినవారు. లాగరిథములను కనిపెట్టిన నేపియరు పండితుని జీవితమును వ్రాయించఁదలఁచిన యా వంశపు ప్రభువొకఁడు, హిందువుల గణితశాస్త్రమును గూర్చి తెలిసికొనుటకు ఈ యువకుని సాయము కోరెనందురు. ఆ గణితమే తొలుత ఆయన దృష్టిని మన దేశమువైపు మరలించినది. 1783 లో కుంఫిణీవారి కొలువున చెన్నపట్టణమునకు వచ్చిరి. మధురలో నేపియరు వంశపుఁ గూఁతురగు జాన్‌స్టన్ దొరసాని యింట కొందఱు బ్రాహ్మణపండితులతో వారికి పరిచయము కలిగెను. అంతమాత్రమే. పిమ్మట పదుమూఁడేండ్లు యుద్ధములతోను, కొలతలతోను, మకాములు మార్చుటతోను గడచిపోయినవి. దేశభాష యొక్కటియు వారికి రాలేదు. వారు కడవఱకును ఏ దేశభాషయందును పండితులు కాలేదని వారే 1817 వ సంవత్సరమున సర్ అలెగ్జాండరు జాన్‌స్టనుగారికి వ్రాసిన యుత్తరములో దాఁపఱికము లేక ఒప్పుకొనియున్నారు. ఇట్టి యొప్పుకోలు ఆ కాలపు దొరలలో అరుదు. అదే యుత్తరమున, సింహళమునుండి 1796 లో తిరిగివచ్చిన పిమ్మట ఒక బ్రాహ్మణ యువకునితో కలిగిన చెలిమియే తమకు హిందూదేశ విజ్ఞానమందిరపు వాకిలి తెఱచినదని చెప్పికొనిరి.

ఆ యువకుఁడు కావలి వేంకట బొఱ్ఱయ్యగారు.

బొఱ్ఱయ్యగారు 1776 లో ఏలూరునఁ బుట్టిరి. నియోగి కుటుంబము, అన్నదమ్ములు పెక్కురు. బాల్యముననే తెలుఁగు, సంస్కృతము చదివి, మచిలీబందరు చేరి ఇంగ్లీషు నేర్చిరి. ఉర్దూపారసీకములును కొంతవఱకు పట్టువడెను. మొదట కుంఫిణీ సేనకు సంబంధించిన లెక్కల కచ్చేరిలో పని. పిమ్మట మెకంజీగారి కొలువు. అప్పటి వారి వయస్సు ఇరువదియేండ్లు. చదువరులు ఈ సంగతిని కొంచెము నిలిచి యోచింపవలెను. అప్పటికి చెన్నపట్టణమున కళాశాల లేదు. తెలుఁగునకు అచ్చుకూటములు లేవు. బ్రౌనుదొర యింకను పుట్టలేదు. హిందూయువకుఁడు ఇంగ్లీషు నేర్చుట దుబాసీపనికో, లెక్కలపనికో తప్ప వేఱొందుకు కాదని లోకమెల్ల నమ్మియున్న దినములవి. అట్టి దినములలో ఈయన ఆ భాషను తన దేశపు పూర్వచరిత్రమును త్రవ్వుటకు పలుగుగాఁ జేసికొనెను.

1799 లో శ్రీరంగపట్టణము పడినపిమ్మట మైసూరు రాజ్యమును కొలుచు పని మెకంజీగారికి వచ్చెను. గొలుసులు, దుర్భిణీలు, డేరాలు ఒకవైపునఁ బోవుచుండఁగా, బొఱ్ఱయ్యగారును వారి సహాయులును మఱియొకవైపున గ్రామములలోఁ బ్రవేశించి, గుడిలోని ఱాతిమీఁది వ్రాతలను, మఠములలోని గ్రంథములను, వృద్ధుల మాటలను కూర్చుచుండిరి. హళగన్నడ మను ప్రాచీన కన్నడలిపి అప్పటికి సామాన్య పండితులకుఁ గొఱుకఁబడకుండెను. ఆ లిపిలోని శాసనములను చదువుటకు మార్గము తెఱచినవారిలో బొఱ్ఱయ్యగారు ప్రథములు. ఆయన చేసిన పనిలో మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి కలదు. ముదిగెరె యను గ్రామమున నొక జైనగురువును ఆశ్రయించి, ఆ మతస్థుల యాచారములను, సిద్ధాంతములను, పూర్వకథలను వారి నోటనే విని, వ్రాసికొని, ఇంగ్లీషున తర్జుమా చేసిరి. అది 1807 లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పరిశోధనగ్రంథముల తొమ్మిదవ సంపుటమున వెలువడినది. అన్యమతమును ఖండించుటకుఁ గాక తెలిసికొనుటకు దానివాకిట నిలిచిన బ్రాహ్మణుని ఆ కాలమునఁ జూపుట సులభము కాదు. వ్యాసము తలపై బ్రాహ్మణుఁడగు కావలి బొఱ్ఱయ్య తర్జుమా చేసినదని అచ్చువేసిరి. కాని అచ్చును చూచుటకు బొఱ్ఱయ్యగారు లేరు. 1803 లోనే చెన్నపట్టణమున, ఇరువదియేడేండ్లైనను నిండకమునుపే, హఠాత్తుగా మరణించిరి. శ్రీరంగపట్టణ యుద్ధమును గూర్చి వారు పద్యకావ్యమొకటి రచించిరని కూడ తెలియుచున్నది. ఏడేండ్ల కొలువు, అంతలోనే ఇంత పని.

బొఱ్ఱయ్యగారి తరువాత ఆ భారమును వహించినవారు ఆయన తమ్ముఁడు లక్ష్మయ్యగారు. అన్నగారిది చుఱుకుబుద్ధి, తమ్మునిది ఓర్పు. కోశమును కోశముగాఁ జేసినది ఈ యోర్పేయని మా తలంపు. తెలుఁగు, కన్నడము, తమిళము, మహారాష్ట్రము తెలిసిన బ్రాహ్మణులను, జైనులను గుమాస్తాలుగా నేర్పఱచి మండలములకుఁ బంపుట, ఏ యూర నేమి యడుగవలెనో వ్రాసియిచ్చుట, నెలనెలకు వారు పంపు వృత్తాంతములను చదివి లోపములను మరల అడిగించుట, వచ్చినదానిని ఇంగ్లీషులోఁ బెట్టించుట — ఈ యంత్రమంతయు ఆయన చేతిలోనే నడచినది. ఊరి పేరు ఎట్లు వచ్చినది, ఎవరు అడవి కొట్టి కట్టించిరి, గుడి ఎవరిది, చెఱువు ఎవరు త్రవ్వించిరి, అగ్రహారమును ఏ రాజు ధారపోసెను, ఇనాము పొలములెన్ని, ఎల్లలెవ్వి, ఏ పాళెగాఁడు ఎవ్వనిని కొట్టి ఆక్రమించెను అను ప్రశ్నలకు వచ్చిన ప్రత్యుత్తరములే కైఫీయతులు. కరణములు తరతరములుగా దాఁచుకొన్న దండకవిలెలనుండి వానిలో ననేక విషయములెక్కినవి. అందుచేత వానిలో భాష కావ్యభాష కాదు. ఉర్దూమాటలు కలిసిన కచ్చేరి తెలుఁగు. వ్యాకరణజ్ఞులు దానిని చూచి ముక్కు విఱుచుదురు గాక. రెండు వందల యేండ్లక్రిందట మన గ్రామములలో లెక్క వ్రాయువాఁడు ఎట్లు మాటలాడెనో తెలిసికొనుటకు అంతకంటె మంచి చోటు లేదు.

ఈ పని సులభముగా సాగలేదు. కుంఫిణీవారి మనుష్యుఁడు వచ్చి పాత సనదులను చూపుఁడని యడిగినచో గ్రామస్థుని గుండె ఝల్లుమనదా? ఇనాము పోవునేమో, పన్ను పెరుగునేమో యని భయము. తాత ముత్తాతలనాఁటి కాగితమును పెట్టెనుండి తీయుటకు మనసొప్పదు. గుమాస్తాలు బ్రతిమాలి, నమ్మఁబలికి, ప్రతి వ్రాసికొని మూలమును మరల ఇచ్చిన సందర్భములే పెక్కులు. ఆ భయము వట్టిదని మేమనఁజాలము. కొలతపని రాజ్యమునకై జరిగినది. దేశము పరాధీనమగుటకు పటములును సాధనములే. మెకంజీగారు విద్యాప్రియులును, కుంఫిణీవారి సైనికోద్యోగియును, రెండును ఒక్క శరీరమున నుండిరి. వారిని కీర్తించునప్పుడు ఒకదానిని, నిందించునప్పుడు మఱియొకదానిని మఱచుట మనవారికి వాడుకయైపోయినది. అయినను ఒక్కమాట న్యాయముగాఁ జెప్పవలెను. కోశమునకై వారు తమ సొంతధనమును ధారాళముగా వెచ్చించిరి. పైవారి మెప్పుకై చేసిన పని యిట్లుండదు. 1798 లో అమరావతికిఁ బోయి, ఆ చలువఱాతి శిల్పములను నలుగురు సున్నమునకు కాల్చివేయుచుండఁగా చూచి, తరువాత మరల మనుష్యులను గొనిపోయి బొమ్మలు వ్రాయించినవారు వారే. ఇప్పుడు మూలము లేకపోయిన కొన్ని ఫలకములకు ఆ బొమ్మలే దిక్కు.

1816 లో థామస్ హిక్కీయను చిత్రకారుఁడు మెకంజీగారి పటమును వ్రాసెను. ఎఱ్ఱని సైనికవేషమున దొరగారు నడుమ నిలిచియుందురు. చుట్టును మువ్వురు హిందువులు. ఒకని చేత దుర్భిణీ, మఱియొకని చేత తాటాకు. వెనుక దూరమున కొండమీఁద గోమటేశ్వరుఁడు. ఆ మువ్వురిలో నొకరు లక్ష్మయ్యగారనియు, తాటాకు పట్టినవారు ధర్మయ్యయను జైనపండితులనియు పెద్దలు నిర్ణయించియున్నారు. అట్టి పటములలో సేవకులను గొడుగు పట్టువారినిగానో, హుక్కా పట్టువారినిగానో వ్రాయుట ఆ కాలపు మర్యాద. ఇచ్చట వారి చేతులలో విద్యాసాధనములున్నవి. చిత్రకారుఁడు చూచినంత మాత్రమైనను తరువాతి పండితులు చూడకపోయిరి.

ఆ సంగతికి రావలసియున్నది. మెకంజీగారు 1810 లో చెన్నరాజధానికిని, 1815 లో యావద్భారతమునకును సర్వేయరు జనరలైరి. నడుమ రెండేండ్లు జావాద్వీపములో గడపిరి. కలకత్తాకుఁ బోవుచు కోశమును, లక్ష్మయ్యగారిని, తక్కిన పండితులను వెంటఁ గొనిపోయిరి. అన్నిటిని సరిచూచి పట్టిక సిద్ధము చేయవలెనని వారి కోరిక. అది తీరకమునుపే 1821 వ సంవత్సరము మే నెల 8 వ తేదిని వంగదేశముననే గతించిరి. వారి భార్యనుండి ఆ కోశమును లక్షరూపాయలకు ప్రభుత్వమువారు కొనిరి. పట్టికను హోరేసు హేమన్ విల్సనుగారు ముగించి 1828 లో రెండు సంపుటములుగా కలకత్తాలో అచ్చువేయించిరి. కలకత్తాలోనే ఆ యేఁడే రామమోహనరాయలవారు తమ సభను స్థాపించిరని మా చదువరులకుఁ జెప్పనక్కఱలేదు. విల్సనుగారి లెక్క ప్రకారము కావ్యశాస్త్రాది గ్రంథములు 1,568, స్థానిక వృత్తాంతములు 2,070, శాసనముల ప్రతులు 8,076, చిత్రములు 2,630, నాణెములు 6,218. కొన్ని యప్పటికే లండనునకుఁ బోయినవి. దక్షిణభాషలలోని వ్రాఁతప్రతులు మాత్రము చెన్నపట్టణమునకు మరలి వచ్చినవి. ఒకచోటఁ గూర్చిన దానిని మూఁడుచోట్లఁ బంచుట మన ప్రాచీన వస్తువుల కెల్ల కలిగిన గతియే.

విల్సనుగారు గొప్ప సంస్కృత పండితులు. తెలుఁగు వారికి రాదు. లక్ష్మయ్యగారును సహచరులును తయారుచేసిన తర్జుమాలపైనను, సారాంశములపైననే ఆ పట్టికలోని దక్షిణదేశ భాగము నిలిచియున్నది. మువ్వురు సోదరులలో మూఁడవవారగు రామస్వామిగారు ఆ కాలముననే ఇంగ్లీషున గ్రంథకర్తలైరి. దక్కనులోని పట్టణములను స్థలములను గూర్చి 1828 లోను, దక్కను కవుల జీవితములను గూర్చి 1829 లోను కలకత్తాలోఁ బ్రకటించిరి. మన కవుల చరిత్రములను వరుసగా నొక గ్రంథమున నిలుప యత్నించిన మొదటి హిందువు ఆయనయే. వీరేశలింగము పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము అంతకంటె నెంత గొప్పదైనను, దాని కది ముందడుగని చెప్పుట పంతులుగారికి కొఱఁత కాదు. ఆ పుస్తకముననే రామస్వామిగారు తమ యన్నయగు బొఱ్ఱయ్యగారి జీవితమును కూడఁ జేర్చిరి. అన్నగారిని కవులలోఁ జేర్చుట తగునా యని విమర్శకులు అడుగవచ్చును. ఆయన చేర్చకుండిన యెడల మేమీ పుటలు వ్రాయఁగలిగెడివారము కాము.

లక్ష్మయ్యగారి కథ ముగింపు చేదుగా నుండును. చెన్నపట్టణమునకు మరలివచ్చి, అచ్చట హిందూసాహిత్యసభ నొకదానిని నెలకొల్పి, దానికి అధ్యక్షులైరి. మెకంజీగారు ముగింపలేకపోయిన పనిని తాము కొనసాగింతుమనియు, మిగిలిన మండలములకు మరల మనుష్యులను పంపి వ్రాతలు కూర్చి తర్జుమా చేయింతుమనియు ప్రభుత్వమువారికి మనవి పంపుకొనిరి. చెన్నపట్టణపు దొరతనమువారు ఆ మనవిని కలకత్తాకుఁ బంపిరి. అది 1836 లో ఏషియాటిక్ సొసైటీవారి యభిప్రాయమునకు వచ్చెను. ఆ సంఘమునకు కార్యదర్శి జేమ్సు ప్రిన్సెప్ పండితుఁడు. చెప్పినపని చేయుటకే తప్ప స్వతంత్రముగా నిర్వహించుటకు హిందువుల విద్య చాలదను భావముతో ఆ మనవి త్రోసివేయఁబడెను. ముప్పదియేండ్లకు మించి ఆ యంత్రమును చేతితో త్రిప్పినవానికి ఆ యంత్రము తెలియదని తీర్పు! తీర్పు చెప్పినవారిలో ఒక్కరికైనను కైఫీయతులోని యొక్క పంక్తి చదువుట రాదు. ప్రిన్సెపుగారి ప్రతిభను మేము కాదనము. మఱుసటి యేఁడే అశోకుని బ్రాహ్మీలిపిని వారు పూర్తిగా చదివి లోకమునకు మహోపకారము చేసిరి. అయితే ఆ పనియందును కమలాకాంత విద్యాలంకారులవంటి పండితులు వారి ప్రక్క కూర్చుండిరను సంగతి కూడ చరిత్రములో నున్నది.

పని విలియం టేలరను క్రైస్తవబోధకునికి అప్పగింపఁబడెను. ఆయన చూచునప్పటికి కొన్ని వ్రాతలలో సిరా వెలిసిపోయియుండెను. కొన్నిటిని పురుగులు తినివేసియుండెను. నశించుచున్నవానికి ప్రతులు వ్రాయించి, సారాంశములను చెన్నపట్టణపు విద్యాపత్రికలోఁ బ్రకటించి, తరువాత పెద్ద పట్టికను అచ్చువేయించిరి. పొరపాటులున్నను శ్రమ చిన్నది కాదు. పిమ్మట బ్రౌనుదొరగారు తెలుఁగు కైఫీయతులకు మంచి కాగితముమీఁద ప్రతులెత్తించిరి. నేఁడు చదువరుల చేతికి వచ్చుచున్నవి ఎక్కువభాగ మా ప్రతులే. కడపలో బ్రౌనుగారి పేరఁ గల పరిశోధనకేంద్రమువారు ఆ జిల్లా కైఫీయతులను అచ్చువేసిరి. గుంటూరు జిల్లావియు అచ్చుపడినవి. లక్ష్మయ్యగారి పేర సంస్థ యేదియు మాకుఁ గనఁబడలేదు.

ఇంత చెప్పి, కైఫీయతులలోనున్నదంతయు నిజమని చెప్పినచో మేము చదువరులను మోసగించినవారమగుదుము. కరణము తన యూరికి గొప్పతనము కోరును. స్థానాపతి తన గుడికి కృతయుగము నంటఁగట్టును. కాకతీయుల విషయమున ఈ యపాయము మిక్కిలి స్పష్టము. మొదట విదేశ పండితులకు ఓరుఁగల్లు రాజుల వృత్తాంతము తెలిసినది శాసనములవలనఁ గాదు. ప్రతాపచరిత్రమువంటి కథలవలన, ఆ కథలను విల్సనుగారు చూపిన సారమువలన. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని రుద్రదేవుని శాసనము శకవర్షము 1084, అనఁగా క్రీస్తుశకము 1163 నాఁటిది. దానిని ఫ్లీటుగారు సరిగాఁ బ్రకటించినది 1882 లో. నడుమనున్న ఏఁబదియేండ్లు కథదే రాజ్యము. రుద్రమదేవి గణపతిదేవుని భార్యయని పెక్కండ్రు నమ్మి వ్రాసిరి. మోటుపల్లి రేవువైపు వచ్చిన మార్కోపోలో సైతము భర్త పోయిన పిమ్మట ఏలిన రాణిగా నామెను చెప్పెను. 1261 నాఁటి మల్కాపురపు శాసనము ఆమె గణపతిదేవుని కూఁతురని తేటపఱచినది. స్త్రీ తన తండ్రినుండి రాజ్యమును పొందుట కథ చెప్పువారికి నమ్మశక్యము కాక, ఆమెను భార్యగా మార్చుకొని తృప్తిపడిరి కాఁబోలు! ఆమె మరణకాలమును సైతము ఏ కావ్యమును చెప్పలేదు; చందుపట్లలో పువ్వుల ముమ్మడియను బంటు 1289 లో ఆమె పుణ్యలోకప్రాప్తికై చేసిన దానపుఱాయి చెప్పినది. ఇందువలన కైఫీయతు వ్యర్థమని తలంపరాదు. ఱాయి రాజు మాటను చెప్పును. చెఱువుకట్ట తెగినప్పుడు ఏ కులమువారు మన్ను మోసిరో, కఱవులో ఏ యూరు పాడుపడెనో, ఏ దొంగలు పైబడిరో చెప్పునది కాగితము. ఒకదానితో నొకదానిని ఒరసి చూడవలెను.

ఓరుఁగల్లు సీమకు ఈ కోశమున వచ్చిన భాగము స్వల్పము. దత్తమండలములను నిజాముగారు 1800 లో కుంఫిణీవారికి ఇచ్చివేసిరి. కాఁబట్టి కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతములలో గుమాస్తాలు ఊరూర తిరిగి కైఫీయతులు వ్రాయించుటకు వీలయ్యెను. ఓరుఁగల్లు నిజాము రాజ్యముననే నిలిచెను. కుంఫిణీవారి పరవానా అచ్చట ఆ రీతిని చెల్లదు. అందుచేత సిద్ధవటమునకు, గండికోటకు ఉన్నట్టి గ్రామగ్రామ వృత్తాంతము కాకతీయుల రాజధానికి లేకపోయెను. లేని వ్రాతలను గూర్చి విచారించుటకంటె ఉన్నవి పోవుటను గూర్చి విచారించుట మేలు. మా బంధువుల యింట నొక పాతపెట్టె యుండెడిది. అందు ముత్తాత కరణికపు కట్టలు. గొలుసుకట్టు వ్రాత కావున నింటిలో నెవ్వరికిని చదువరాదు. ఒకయేఁడు పండుగకు ఇల్లు శుభ్రము చేయుచు వానిని పచారు దుకాణమువానికి తూకమున నిచ్చిరి. మేము పోవునప్పటికి పెట్టె మాత్రముండెను. చింతపండు పొట్లముగా వచ్చిన యొక చింపిరి కాగితముపై చెఱువు పేరొకటి, ఎవనిదో చేవ్రాలు ఒకటి చూచితిమి. ఆ చెఱువు ఏ యూరిదో తెలిసికొను దారి లేకపోయెను.

ఓరుఁగల్లువారు ఊరకుండలేదు. 1904 లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసెను. మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును 1901 లో నెలకొల్పినవారిలో నొకరు, 1906 లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. శాసనమును చదువనివాఁడు దేశచరిత్రమును వ్రాయరాదని వారి పట్టుదల. 1923 లో వారు గతించిరి. తెలంగాణమున ఱాళ్లను, తాటాకులను వెదకుచుండిన మిత్రులు తమ పరిశోధకమండలికి లక్ష్మణరాయలవారి పేరే పెట్టుకొనిరి. ఆదిరాజు వీరభద్రరావుగారు మొదలగువారు ఎండవానలనక పల్లెలకుఁ బోయి, శాసనములకు అచ్చులెత్తి, చదివి, సరిచూచిరి. పరవానా లేదు, జీతము లేదు, సర్వేయరు జనరలు లేఁడు. 1935 లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటము వెలువడెను. ఆ యేఁడే రాజమహేంద్రవరమునుండి ఆంధ్రేతిహాస పరిశోధకమండలివారి కాకతీయసంచికయు వచ్చెను. బొఱ్ఱయ్యగారు పోయి అప్పటికి నూటముప్పదిరెండేండ్లు. తెలంగాణా సంపుటమును తెఱచి చూచినచో, శాసనమును కూర్చినవారును, చదివినవారును, మండలికి పేరిచ్చినవారును అందఱును తెలుఁగువారే.